ప్రమాదం జరిగిన తేదీ

నా రెండు వేళ్లకు తేదీ ఉన్నది.
మాఘ మాసం, బుధవారం,
పొద్దుగాల పదీ నలభై.
బ్లేడు నీళ్లు చిమ్ముకుంటనే ఉండె,
తెల్లరాయి మీద ఎర్రగ పారినంక గని
నాకు ఎరుక కాలె.
సూపర్‌వైజర్ ఉరికొచ్చి ఫోటో తీసిండు.
ముందుగాల రాయిని,
తర్వాత చేతిని.
ఆ పలక బౌషర్ల ఎవరిదో వంటింటి గట్టు,
సాయంత్రంకల్లా పోవాలె.

దవాఖానల డాక్టర్ హాతెం
చెయ్యి అటు తిప్పి ఇటు తిప్పి
ఒక పట్టిక తీసిండు.
అండ్ల మనిషి మొత్తం ఉన్నడు,
తునకలు తునకలుగ,
ఒక్కో తునక పక్కన ఒక్కో అంకె.
మా ఊరి కటిక బాబా ఇంత సాఫుగ రాయడు.
బొటనవేలైతే ఎక్కువ వచ్చేదట.
"నీ నసీబు మంచిది, బొటనవేలు మిగిలింది"
అన్నడు క్లర్కు షంసుద్దీన్.
ఒక్క నోటితోటే
రెండు మాటలూ చెప్పిండు.

పైసలొచ్చినయ్. అబద్ధమెందుకు?
ఏడు నెలలకు, రెండు కోతలు పడి.
ఇంటికాడ బోరు వేయించినం,
రెండు వందల ఎనభై ఫీట్లకు నీళ్లు పడ్డయ్.
గంగు ఫోన్ల నవ్వుకుంట ఏడ్చింది:
"ఏ వేలు నీళ్లయ్యా ఇవి?"

ఇగ ఓదెలన్న సంగతి.
నాకంటె ఎనిమిదేండ్ల ముందే రుసైల్‌కు వచ్చిండు,
రాయిని ఎట్ల తాకాలెనో నాకు చెప్పిండు,
"బిడ్డ నెత్తి లెక్క పట్టుకోరా" అని.
నీళ్ల పైపు ఖరాబైన దినం
పొడిగనే కోసిండు, మూతికి తువ్వాల కట్టి.
రాత్రి గదిల ఆ తువ్వాల దులిపితే
పౌడరు డబ్బా ఒలికినట్టుండేది.
రెప్పల మీది తెలుపు చూసి
"ముసలోనివైతివి పో" అని నవ్వేటోళ్లం.
ఆయన గూడ నవ్వేటోడు.

ఇప్పుడు పై మంచం నాకిచ్చి
కింది మంచం తీసుకున్నడు.
పండుకోడు. కూసుంటడు.
మోకాళ్ల మీద మెత్త, మెత్త మీద తల.
రాత్రంత ఆయన ఊపిరి
రేకు మీద గడ్డపార గుంజినట్టు.
నేను పైనుంచి వింట,
ఒకటి పోయి ఇంకోటి వచ్చేదాక
నా ఊపిరి ఆపుకొని.

ఎక్స్‌రే వెలుగుకు పట్టి
డాక్టర్ హాతెం చాలాసేపు మాట్లాడలె.
పట్టిక తీయలె.

నేను పదో తరగతి.
ఎడమ చేతికి అఆలు మళ్ల నేర్పిన.
ఓదెలన్న ఫారం నింపుతున్న, వంకరటింకరగ.
పేరు. తండ్రి పేరు కనకయ్య.
పాస్‌పోర్టు నంబరు కంపెనీ లాకర్ల ఉన్నది,
ఆయనకు నోటికొచ్చు.
దెబ్బ తగిలిన అవయవం: రెండు ఊపిరితిత్తులు.
ప్రమాదం జరిగిన తేదీ.

పెన్ను అక్కడ ఆగింది.
గడి ఖాళీగ పెడితే కౌంటర్ల తీసుకోరట,
షంసుద్దీన్ మొదలే చెప్పిండు.
"ఏం రాయాలె అన్నా?"

దగ్గుకుంట లెక్క పెట్టిండు.
పెద్ద పిల్ల పుట్టిన దినం నీళ్లు లేవు, కోసిన.
అది బడికి పోయిన ఏడు
మోటరు కాలింది, ఇరువై దినాలు.
రంజాన్ల ఒకపారి.
తుఫాను వచ్చిపోయినంక ఒకపారి...
ఏ దినం దుమ్ము ఏడ కూసున్నదో
దుమ్మునే అడగాలె.

తర్వాత నా చెయ్యి దిక్కు చూసిండు.
"నీ తేదీ రాయి."
"నాదెందుకే?"
"ఆ దినం నిన్ను వ్యానెక్కించినంక
నీళ్లు బందు పెట్టిండ్రు,
నెత్తురు పలకల్లకు ఇంకుతదని.
మిగిలిన సగం పొడిగ నేనే కోసిన.
సాయంత్రంకల్లా పోవాలె కద."

ఐదేండ్లు ఒక్క గదిల ఉన్నం.
ఈ మాట ఎన్నడు చెప్పలె.

మాఘ మాసం, బుధవారం,
ఇంగ్లీషు అంకెలల్ల రాసిన.
ఆరింటికి కౌంటరు తెరుస్తరు.
ఫారం మెత్త కింద పెడదామంటే
మెత్త ఆయన మోకాళ్ల మీదున్నది.

ఫోన్ల పన్నెండు దాటింది,
ఇంకో తేదీ పడ్డది.
ఓదెలన్న కూసొనే ఉన్నడు.